పరుపు మీద నా చోటు

మా కొట్టులో కుర్చీ ఒక్కటే ఉండేది. అది గుమ్మం పక్కన, లారీ ఆఫీసు నుంచి బేళ్లు తెచ్చేవాళ్లు కాసేపు ఊపిరి పీల్చుకోవడానికి. మిగతా అందరం కిందే. విజయవాడ వన్‌టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్లు ఆ రోజుల్లో అలాగే ఉండేవి. గదంతా పరుపు, దాని మీద తెల్లటి దుప్పటి, గోడ వారన బాలీసులు. ఉయ్యూరు నుంచో గుడివాడ నుంచో బట్టల కొట్ల వాళ్లు పొద్దున్నే బస్సు దిగి వచ్చి, చెప్పులు బయట విడిచి, మాకెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. వాళ్ల మోకాళ్లకూ మా మోకాళ్లకూ మధ్య ఒక చీర పరిచేంత జాగా ఉండేది, అంతే.

బేరమంతా ఆ జాగాలోనే. మనం ఎంత వర్ణించినా వాళ్లు వినరు. అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపి చూస్తారు. చివర్లో అందరూ అడిగేది ఒకటే.

“ఎన్నాళ్లు మన్నుద్దండీ?”

“మీ మనవరాలు కూడా కట్టుకుంటదండీ” అనేవాణ్ని తడుముకోకుండా. నాకే తెలియని సంగతి అంత ధీమాగా చెప్పడమే ఆ వ్యాపారం.

కింద కూర్చున్నవాడితో కిందే కూర్చుని మాట్లాడాలి. కుర్చీలో కూర్చుని బేరం చేస్తే ఎదుటివాడు తలెత్తి చూడాల్సి వస్తుంది, మరోసారి మన మెట్టెక్కడు. అందుకని పరుపు మీద చోటు ఉన్నవాడే షావుకారు. గల్లాపెట్టె పక్కన, పెద్ద బాలీసుకు ఆనుకుని ఉన్న చోటు నాది. నా ఎడం పక్క చోటు మా బావమరిదిది. నా మేనమామ కొడుకే. వాళ్ల అక్కను నేను చేసుకున్నాను. ఇద్దరం కలిసి పెట్టిన కొట్టు. నాకన్నా నాలుగేళ్లు చిన్న, నాకన్నా మాటకారి.

తొంభైల మధ్యలో నా కుడి మోకాలు పేచీ మొదలుపెట్టింది. మొదట్లో మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు మాత్రమే. తర్వాత తర్వాత లేవడమే ఒక కార్యక్రమమైపోయింది. ముందు బాలీసు మీద చెయ్యి, తర్వాత గల్లాపెట్టె మీద చెయ్యి, తర్వాత దేవుడి మీద భారం. బేరగాళ్లు వెళ్లేటప్పుడు ఇదివరకు గుమ్మం దాకా వెళ్లి సాగనంపేవాణ్ని. అది మానేసి కూర్చున్నచోటి నుంచే దణ్ణం పెట్టడం మొదలుపెట్టాను. వీడికి పొగరెక్కిందని అనుకున్నారట కొందరు. అనుకోనీ. కుంటివాడనుకోవడం కంటే అది నయం అనిపించింది.

“ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదా బావా?” అన్నాడు బావమరిది. ఒకసారి అంటే సరే. వారం తిరక్కుండా మళ్లీ అన్నాడు. మళ్లీ మళ్లీ అన్నాడు. నా మోకాలి మీద వీడికెందుకింత ప్రేమ పుట్టుకొచ్చిందా అని నేను ఆలోచించడం మొదలుపెట్టాను. అసలు నేను పుట్టడమే అనుమానంతో పుట్టానని మా ఆవిడ అంటుంది. ఉండొచ్చు. ఈ వ్యాపారంలో అనుమానం లేనివాడు ఏడాది తిరిగేలోపు కొట్టు మూసుకుని ఊరెళ్లిపోతాడు.

చివరికి వాడే ఆటో పిలిచి, ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించాడు. “గుజ్జు అరిగిపోయిందండీ. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. మాత్రలతో, వ్యాయామంతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. బరువు తగ్గాలి. కింద కూర్చోవడం మానెయ్యాలి. ఎప్పటికైనా కీలు మార్చక తప్పకపోవచ్చు.”

నేను నోరు తెరిచేలోపే మా వాడు అందుకున్నాడు.

“మార్చాక మళ్లీ కింద కూర్చోవచ్చాండీ?”

“కూర్చోకపోవడమే మంచిది.”

“అసలెప్పటికీనా? పనిలోకి రావడానికి ఎన్నాళ్లు పడుద్దండీ? రెండూ ఒకేసారి మారుస్తారా?”

“నాకు పాడైంది ఒక్కటేరా” అన్నాను.

“ముందు ముందు సంగతి బావా” అని అటు తిరిగాడు.

ఆస్పత్రి మెట్లు దిగేలోపే నాకంతా అర్థమైపోయింది. నా చోటుకు ఎసరు పెడుతున్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను పెద్ద బాలీసుకు జరుగుతాడు. లేకపోతే ఇన్ని ప్రశ్నలు, అంత ఆత్రంగా? అందులోనూ ఆ మధ్య వాడు పరుపు మీద ఒక కాలు బారజాపి కూర్చుంటున్నాడు. బేరగాళ్ల ముందు, నా ముందు. అప్పుడే షావుకారు వేషం వేస్తున్నాడని కడుపు మండిపోయింది నాకు.

డాక్టరును మాత్రం ఎలా నమ్మడం? వాళ్లింటి పెళ్లి చీరలు మా కొట్టులోనే కొన్నారు, బేరం చేసింది మా బావమరిది. అందుకని చుట్టాలమ్మాయి పెళ్లిచూపులున్నాయని అబద్ధమాడి, ఎక్స్‌రే సంచిలో పెట్టుకుని గుంటూరు వెళ్లి ఇంకో డాక్టరుకు చూపించాను. మొదటి డాక్టరు ఊసే ఎత్తలేదు. ఆయనా అదే చెప్పాడు, దాదాపు అవే మాటలు. “మీరెక్కడ చదువుకున్నారండీ?” అని అడిగాను. చెప్పాడు. మొదటాయన గోడ మీది డిగ్రీ పటంలోనూ అదే కాలేజీ. నాకు అంత చాలు.

కాపడాలు, మాత్రలు, మోకాలికి బిగించే తొడుగు, మంచం అంచున కూర్చుని కాలు నిటారుగా చాపి పట్టుకునే వ్యాయామం, అన్నీ నడిచాయి. వ్యాయామం వల్ల కొంత గుణం కనిపించింది కూడా. ఆ మాట పైకి అంటే డాక్టరును ఒప్పుకున్నట్టవుతుందని అనలేదు. కింద కూర్చోవడం మాత్రం మానలేదు. అది మానితే ఇంక నేనెవర్ని?

అప్పుడొచ్చింది హనుమాన్ జంక్షన్ పొడి. అక్కడి బట్టల కొట్టాయన నా అవస్థ కనిపెట్టి చెప్పాడు. హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్ల వెనక ఒక గదిలో ఒకాయన పొట్లాలు కట్టి ఇస్తాడు. వెళ్లాను. “డబ్బులిప్పుడొద్దండీ, తగ్గాకే ఇవ్వండి” అన్నాడు. ఆ ఒక్క ముక్కకు పడిపోయాను. పెద్ద చదువులు చదివిన ఇద్దరు డాక్టర్లను నమ్మని నేను, పేరూ ఊరూ తెలియనివాణ్ని గుడ్డిగా నమ్మాను. సరుకు అప్పుగా ఇచ్చేవాడికి సరుకు మీద నమ్మకం ఉన్నట్టే అని మా వ్యాపారంలో ఒక లెక్క. ఆ లెక్క మందుకు పనికిరాదని నాకు తట్టలేదు.

వారం లోపే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నొప్పి ఏమైపోయిందో తెలియదు. ముఖం నిండుగా, గుండ్రంగా వచ్చింది. “ఉబ్బిందండీ” అంది మా ఆవిడ. “కళ వచ్చింది” అన్నాను నేను. బేరగాళ్లను మళ్లీ గుమ్మం దాకా సాగనంపాను. బావమరిది నోరెళ్లబెట్టి చూశాడు. వాడి ముఖం చూసి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అయితే గల్లాపెట్టె సొరుగులో పెట్టుకున్న పొట్లాలు నేను వేసుకునేదాని కంటే త్వరగా తరిగిపోతున్నాయి. సొరుగు తీసేది మేమిద్దరమే. మందు పట్టుకెళ్లి మొదటి డాక్టరుకు చూపిస్తున్నాడు, నన్ను నలుగురిలో అల్లరి పెట్టడానికి అనుకున్నాను. పొట్లాలు ఇంటికి మార్చేశాను. మర్నాటి నుంచి వాడు ముఖం మాడ్చుకుని తిరిగాడు. దొంగ దొరికాడనుకున్నాను.

కొన్ని నెలలకు ఒళ్లు తూలిపోవడం, ఆగని దాహం మొదలయ్యాయి. ఒకరోజు కొట్టులోనే కళ్లు తిరిగి పడిపోతే మళ్లీ ఆ మొదటి డాక్టరు దగ్గరికే తీసుకెళ్లారు. షుగరు విపరీతంగా పెరిగిపోయింది. ఆయన నా ముఖం వంక చూసి “ఏం పొడి వాడుతున్నారు?” అన్నాడు. ఏమీ లేదన్నాను. ఆయన నమ్మలేదు. జన్మలో మొదటిసారి నాకంటే అనుమానం మనిషి ఎదురయ్యాడు. మా ఆవిడ సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టేసింది.

“ఇందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారు. ఒక్కసారిగా మానకూడదు, నేను చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. షుగరు దారికొచ్చేదాకా ఆపరేషన్ మాటే లేదు.”

వెనక నిలబడ్డ బావమరిది ముఖంలో నెత్తురుచుక్క లేదు. “ఒకవేళ ఎవరన్నా ఒక్కసారిగా మానేస్తే ఏమవుద్దండీ?” అన్నాడు. నేను పోతే ఎలా ఉంటుందో కనుక్కుంటున్నాడని అనుకున్నాను. అవును, అంత దూరం వెళ్లింది నా బుర్ర.

కోయడానికి కాచుకు కూర్చున్నాడనుకున్న డాక్టరు కోయనన్నాడు. దాంతో నాకు ఇంకో భయం పట్టుకుంది, నా పని అయిపోయిందేమో, అందుకే వద్దంటున్నాడేమో అని. పొడి తగ్గుతున్నకొద్దీ నొప్పి వడ్డీతో సహా తిరిగొచ్చింది. కాలు దొడ్డికాలుగా వంగిపోయింది. ఒకరోజు బేరం ముగిశాక లేవబోయి లేవలేకపోయాను. గుడివాడ నుంచి పెళ్లి చీరలకు వచ్చిన తల్లీకూతుళ్లు చూస్తుండగా ఇద్దరు పనివాళ్లు చంకల్లో చేతులు వేసి లేపారు. ఆ కూతురు చూపు తిప్పుకుంది. ఆ రాత్రి మా ఆవిడతో “సరే, మార్పిద్దాం” అన్నాను. కొత్త శతాబ్దం వచ్చి కొన్నేళ్లయింది అప్పటికి. షుగరు కుదుటపడ్డాక ఆపరేషన్ అయింది.

తర్వాతి రోజుల సంగతి ఎవరూ సరిగా చెప్పరు. కోత నొప్పి ఒకెత్తు, ఆ మోకాలు మళ్లీ వంచడం ఒకెత్తు. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ ఇంటికి వచ్చి “ఇంకొంచెం అంకుల్, ఇంకొంచెం” అనేది. తలగడ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి బావమరిది వచ్చేవాడు. వాడి స్కూటర్ చప్పుడు వినబడగానే పట్టుకుని నడిచే వాకర్‌ను మంచం కిందికి తోయించేవాణ్ని.

“నొప్పుందా బావా?”

“చీమ కుట్టినట్టు కూడా లేదురా. నెల తిరిగేసరికి పరుపు మీద ఉంటా.”

వాడు వంగి మోకాలి వంక అదే పనిగా చూసేవాడు. ఎప్పుడు కుంటుతానా అని చూస్తున్నాడనుకుని ఇంకా గట్టిగా నవ్వేవాణ్ని.

ఒక సాయంత్రం వాడింకా రాకముందు మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. “మీరిట్లా కోతలు కోస్తా ఉంటే వాడు నమ్మి, వచ్చే వారం పోయి రెండు మోకాళ్లూ ఒకేసారి కోయించుకుంటాడండీ.”

“వాడికెందుకు?”

“వాడియ్యీ అరిగిపోయినయ్యి. మీతోపాటే. రేత్రిళ్లు వాడు పడే బాధ మా మరదలు చెప్పి ఏడుస్తా ఉంటది. మీ పొడి కూడా తిన్నాడు.”

“మరి నాకు చెప్పలేదేం?”

“చెబితే మీరు వాణ్ని పరుపు మీంచి లేపేస్తారని భయం. నాచేత ఒట్టేయించుకున్నాడు.”

బారజాపిన ఆ కాలు, డాక్టరును అడిగిన ఆ ప్రశ్నలు, తరిగిపోయిన పొట్లాలు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. ఇన్నేళ్లు పక్కపక్కనే కూర్చుని, నేను వాడి కళ్లలోకే చూశాను తప్ప ఒక్కసారీ వాడి కాళ్ల వంక చూడలేదు. సిగ్గేసింది. కోపమూ వచ్చింది. నన్ను ముందు ఆపరేషన్‌కు పంపించి ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాడన్నమాట. అనుమానం పూర్తిగా వట్టిది కాదని ఒక పక్క కాస్త తృప్తి కూడా కలిగింది, దాచుకోవడం ఎందుకు.

స్కూటర్ చప్పుడైంది. వాకర్‌ను మంచం ముందుకు తెప్పించి పెట్టించాను. వాడు లోపలికి వచ్చి దాన్ని చూసి గుమ్మంలోనే ఆగాడు.

“నొప్పుందా బావా?”

“ఉందిరా. చాలా ఉంది. రోజూ ఏడుస్తున్నా. ఇంక కింద కూర్చోలేను. పరుపు సంగతి మర్చిపోవాల్సిందే.”

వాడు చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ నేను వాడి వంక చూసిన చూపే.

“నిన్నటిదాకా చీమ కుట్టినట్టు కూడా లేదన్నావు” అన్నాడు మెల్లగా. “అక్క చెప్పేసిందా? చేయించుకోకుండా నన్ను భయపెడతన్నావా బావా? నేనిట్టాగే కుంటతా ఉండాలనా?”

తిట్టబోయి ఆగాను. ఏ మొహం పెట్టుకుని తిట్టను? లుంగీ పైకి లాగి మోకాలు వాడి ముందుకు జరిపాను. “నా మాట నమ్మొద్దు. నువ్వే చూసుకో.”

వాడు మంచం అంచు పట్టుకుని, ఒక కాలు బారజాపి, మూలుగుతూ పక్కన కూర్చున్నాడు. ఎర్రగా ఉబ్బిన ఆ కుట్ల గీత వెంట వేలితో రాశాడు. చర్మాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా నలిపాడు. నేను పళ్ల బిగువున ఊరుకున్నాను.

“ఎన్నాళ్లు మన్నుద్ది బావా?” అన్నాడు.

“తెలీదురా” అన్నాను.

వాడు తలూపాడు. మొదటిసారి నా మాట నమ్మాడనిపించింది.