పుప్పొడి తీసేసిన లిల్లీలు

పూలకొట్లో ఆమెను అందరూ పుప్పొడి పిన్ని అంటారు. బాకాల్లా విచ్చుకునే పెద్ద తెల్ల లిల్లీలు కొట్టుకు రాగానే, ఒక్కొక్క పువ్వులోనూ వేళ్లు పెట్టి, మధ్యనున్న పుప్పొడి తిత్తులను గిల్లి డబ్బాలో వేయడం ఆమె పని. ఆ పొడి బట్టలకు అంటుకుంటే ఇక వదలదు. పొద్దున తెల్లచొక్కాతో వచ్చి గుత్తి కొనుక్కెళ్లిన పెద్దమనిషి చేత సాయంత్రానికి తిట్లు తినడం ఏ కొట్టువాడికి ఇష్టం? ఇరవై రెండేళ్లుగా గిల్లి గిల్లి ఆమె కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఇటుకరంగుకు తిరిగిపోయాయి. సబ్బుకు లొంగవు, నిమ్మచెక్కకూ లొంగవు.

ఆమె పనికి వంక పెట్టినవాళ్లు లేరు. నోటికి మాత్రం పెట్టాల్సిందే. ఎవరేమడిగినా జవాబు నాలుక చివర సిద్ధంగా ఉండేది. "ఈ గుత్తి ఎన్నాళ్లు..." అని అవతలివాళ్లు అడగబోతుండగానే "వారం" అనేసేది. "తెలియదు" అన్న మాట ఆ నోట విన్నవాళ్లు లేరు. ఒకే పనిలో అన్నేళ్లు మగ్గినవాళ్లకు పట్టుకునే జబ్బే అది. ఒక మూల కొట్టిన పిండి కాగానే గదంతా కొట్టిన పిండే అనుకుంటారు.

తనవాళ్లని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఒక్క అక్కే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయిన మనిషి. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భర్త పోయాక ఆ ఇంట్లో అక్కకు తోడుగా మిగిలింది మసి. అడుగంటిన గిన్నెలా నల్లగా ఉండే పదకొండేళ్ల పిల్లి. అక్క ఏం చెప్పినా ఎదురుగా కూర్చుని, చెవులు రిక్కించుకుని వినేది. "మీ బావ కూడా ఇంత శ్రద్ధగా వినలేదే" అని అక్క నవ్వేది.

పోయిన ఏడాది అక్కకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇంటికి తీసుకొచ్చిన రోజున పిన్ని తనే గుత్తి కట్టి తీసుకెళ్లింది. తొమ్మిది లిల్లీలు. పుప్పొడి ఒక్క నలుసు లేకుండా తీసి, గాజు కూజాలో నీళ్లు పోసి, మంచానికి ఎదురుగా కిటికీలో పెట్టింది. అక్క దిండుకు చేరగిలబడి చాలాసేపు చూసింది.

"ఎంత బాగున్నాయే బుల్లీ! అవునూ, వీటితో మసికేం కాదు కదా?"

"ఏమీ కాదు. పుప్పొడి మొత్తం తీసేశాను. ఇన్నేళ్లుగా పూలలోనే బతుకుతున్నా, ఆమాత్రం నాకు తెలియదా?"

అక్క నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

రెండో రోజుకు మసి తిండి ముట్టడం మానేసింది. వాంతులు చేసుకుని మంచం కిందికి దూరింది. మూడో రోజు పొద్దున అక్క కాలు కదపలేక గిలగిల్లాడుతుంటే, పిన్నే దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. డాక్టరు పిల్లి పొట్ట నొక్కి, నోరు తెరిచి చూశాడు.

"ఇంట్లో లిల్లీ పూలు గానీ ఉన్నాయా అమ్మా?"

"లేవు" అంది పిన్ని.

కావాలని చెప్పిన అబద్ధం కాదు. ఎప్పటిలాగే నోరు ముందు పరుగెత్తింది. ఆ తరువాత డాక్టరు తన మానాన తను చెప్పుకుపోయాడు. లిల్లీ అయితే ఆకు కొరికినా, పుప్పొడి నాకినా, చివరికి కూజాలో నీళ్లు తాగినా పిల్లికి మూత్రపిండాలు చెడిపోతాయనీ, అందుకే ముందుగా అది అడుగుతాననీ. వింటున్న పిన్నికి సంగతి అర్థమైంది. అప్పటికైనా చెప్పవచ్చు. రెండు ముక్కలు చాలు. కానీ తన చేత్తో పెట్టిన పూలు, తన నోటితో ఇచ్చిన భరోసా కళ్లముందు నిలబడ్డాయి. అన్న మాట దిద్దుకోలేదు.

డాక్టరు సెలైన్ పెట్టాడు. మర్నాడు పొద్దున్నే మసి పోయింది.

"దాని వయసు కూడా అయిపోయింది కదే" అని అక్కే చెల్లెలిని ఓదార్చింది. పిన్ని ఆ లిల్లీలను కాగితంలో చుట్టి కిందికి తీసుకెళ్లి పారేసింది. వాడిపోయాయి కాబోలనుకుంది అక్క.

ఆ ఏడాదంతా పిన్ని కొట్లో లిల్లీలు గిల్లుతూనే ఉంది. కొనేవాళ్లను మాత్రం "మీ ఇంట్లో పిల్లి ఉందా?" అని అడగడం మొదలుపెట్టింది. ఉందంటే గులాబీలు చేతిలో పెట్టేది. బేరాలు చెడగొడుతున్నావని కొట్టు యజమాని కసిరినా మానలేదు. ఊళ్లో అందరికీ చెప్పింది. చెప్పాల్సిన మనిషికి తప్ప.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"కింది వాటా వాళ్ల పిల్లి పిల్లలు పెట్టిందే. ఒకదాన్ని తెచ్చుకుందామనుకుంటున్నా. మసి పోయాక ఈ గోడలు చూడలేకపోతున్నాను. నాలుగు మొక్కలు కూడా తెచ్చిపెట్టు. పిల్లి ఉన్న ఇంట్లో ఉండదగ్గవే సుమా. నాకేం తెలుసు, నువ్వైతే చూసి తెస్తావు."

ఆ చివరి మాట పిన్ని గుండెలో ముల్లులా దిగింది. తిన్నగా పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"పోయిన ఏడాది నల్లపిల్లిని తెచ్చినదాన్ని డాక్టరు గారూ. లిల్లీలున్నాయా అని మీరడిగితే లేవన్నాను. ఉన్నాయి. అంతకు రెండు రోజుల ముందు నేనే పెట్టాను."

డాక్టరు ఆమెకేసి తేరిపార చూశాడు. కోప్పడలేదు.

"ఆ రోజే చెప్పి ఉంటే బతికేదా?" అని అడిగింది.

"మూడో రోజున తెచ్చారు. చాలా ఆలస్యం. అయినా బతికేదనీ చెప్పలేను, బతకదనీ చెప్పలేను."

బతకదని ఒక్కమాట అని ఉంటే ఆమెకు ఎంత తేలికగా ఉండేదో! డాక్టరు నిజాయితీపరుడు, అనలేదు. పిల్లులకు పడే మొక్కలు ఒక వైపు, పడనివి రెండో వైపు కాగితంమీద రాసిచ్చాడు.

నర్సరీవాడు ఎదురొచ్చి ముందుగా మనీ ప్లాంట్ చూపించాడు. కాగితంలో పడనివాటి వైపు ఉంది. కలబంద అన్నాడు. అదీ అటే. స్నేక్ ప్లాంట్, అదీ అటే. పామ్ కావాలంటే పొట్టిగా, గట్టి ఆకులతో ఉన్న సేగో పామ్ తెచ్చి ముందు పెట్టాడు.

"కాగితంలో అరెకా పామ్ అని ఉందండీ."

"రెండూ పామే కదమ్మా. ఏదైతే ఏం?"

"ఏదైతే ఏం కాదు. ఇది పిల్లి ప్రాణం తీసేదని రాసి ఉంది."

ఫెర్న్ దగ్గరా అదే తంటా. బోస్టన్ ఫెర్న్ పరవాలేదు, ఆస్పరాగస్ ఫెర్న్ పనికిరాదు. వాడు మరో కుండీ ఎత్తి, "ఇది మంచిదేనా?" అని అడిగాడు. "తెలియదు. ఉండండి, చూసి చెబుతాను" అంది పిన్ని. ఆ మాట తన గొంతులో తనకే కొత్తగా వినిపించింది. చివరికి అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, పెపరోమియా, ఆఫ్రికన్ వయొలెట్, సన్నటి ఆకులు కిందికి వేలాడే స్పైడర్ ప్లాంట్ తీసుకుంది.

డాక్టరు రాసిచ్చిన కాగితం చూసే తెచ్చానని పిన్ని చెబుతుంటే, అక్క కర్ర పట్టుకుని దగ్గరుండి అన్నీ కిటికీలో పెట్టించింది. లిల్లీల కూజా ఉన్నచోట స్పైడర్ ప్లాంట్ పెట్టించి, ఆకులు నిమిరింది.

"వీటితో దానికేం కాదు కదా?"

అవే మాటలు. అదే కిటికీ. ఈసారి పిన్ని కుర్చీ అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమే, ఏమైంది?"

"అక్కా, మసి ముసలితనంతో పోలేదు. నా పూలవల్ల పోయింది. డాక్టరు అడిగితే పూలు లేవని చెప్పాను. ఏడాదిగా కక్కలేక మింగలేక చస్తున్నాను."

అక్క మెల్లగా మంచంమీద కూర్చుంది.

"అది కూజాలో మూతి పెట్టి నీళ్లు తాగడం నేను చూశానే" అంది. "ఇదిగో, ఇక్కడ పడుకునే చూశాను. నేను లేచి పోయలేకపోతున్నాను, పాపం, దాని దాహం అదే తీర్చుకుంటోంది అనుకున్నాను. అదిలిస్తే పోయేది. నువ్వు ఏం కాదన్నావు కదా అని అదిలించలేదు."

పిన్ని ఈ సంగతి ఎరగదు. తన తప్పు చెప్పుకుంటే తన బరువు దిగుతుందనుకుంది గానీ, అందులో సగం అక్క నెత్తినా పడుతుందనుకోలేదు.

"నాకు చెప్పాలని ఒక్కసారి కూడా అనిపించలేదా?"

"రోజూ అనిపించేది. నోరు లేవలేదు."

"అన్నిటికీ లేచే నోరు!" అంది అక్క. కేకలు వేసినా బాగుండేది. మెల్లగానే అంది. "ఇవాళ్టికి వెళ్లు, బుల్లీ."

పిన్ని మెట్లు దిగి వచ్చేసింది. తొమ్మిది రోజులు ఫోన్ మోగలేదు. తను చేద్దామని తీసి, చేయకుండానే పెట్టేసేది. ఒక్క అక్క. ఆ అక్కనూ పోగొట్టుకున్నాననే అనుకుంది. కొట్లో రెండుసార్లు లిల్లీల మొగ్గలనే తుంచేసి, యజమాని చేత చీవాట్లు తింది.

పదో రోజు అక్క ఫోన్ చేసింది.

"ఆదివారం పిల్లిపిల్ల వస్తోంది. పొద్దున్నే రా. డాక్టరు రాసిచ్చిన కాగితం తీసుకురా."

"మొక్కలన్నీ పడేవే అక్కా, నేను చూసే..."

"నీ నోటిమాట వద్దు. కాగితం చదువు, నేను వింటాను."

ఆదివారం పిన్ని నేలమీద కూర్చుని కాగితం విప్పింది. ఒక్కో పేరూ చదివి కుండీని చూపిస్తుంటే, అక్క ఆ పేరు మళ్లీ పలుకుతూ వచ్చింది. ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు అవతలివాళ్లు చెప్పిన నంబరు తిరిగి చెప్పి, అవునన్నాకే లైను కలిపిన మనిషి. "అరెకా పామ్." "అరెకా పామ్, అవునా?" "అవును." "బోస్టన్ ఫెర్న్." "బోస్టన్ ఫెర్న్, అవునా?" అలా ఐదూ అయ్యాయి. పడనివాటి వైపు కూడా మొత్తం చదివించింది. లిల్లీ దగ్గరకొచ్చేసరికి పిన్ని వేలు ఆ పేరు మీద నిలిచిపోయింది. అక్క ఆగింది. పిన్ని పలికాకే తనూ పలికింది.

అప్పుడు బుట్ట మూత తీశారు. గుప్పెడంత బూడిదరంగు పిల్లిపిల్ల గదంతా వాసన చూసి, మంచమెక్కి, అక్కడినుంచి కిటికీలోకి దూకి, వేలాడుతున్న స్పైడర్ ప్లాంట్ ఆకు పంటికింద పెట్టుకుంది. పిన్ని దిగ్గున లేవబోయింది.

అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూర్చో. కాగితంలో ఉంది."

పిల్ల ఆకు కసకసా నములుతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. అది నమిలి, మూతి తుడుచుకుని, ఎండలో ముడుచుకుని నిద్రపోయింది. అయినా అక్క ఆ ఇటుకరంగు వేళ్లను వదల్లేదు.