కాజీపేటను ఓడరేవు చేసిన మేడం

మాకు డిగ్రీలో విదేశీ వాణిజ్యం చెప్పిన మేడం మొన్న మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు వరంగల్‌లో దవాఖానాలో కన్నుమూశారు. గుండె జబ్బు. అంతకు కొద్ది రోజుల ముందే, అంతర్జాతీయ వ్యాపారం ప్రధానాంశంగా మూడేళ్ళ డిగ్రీ కోర్సుకు అనుమతి వచ్చిందన్న కబురు ఆమెకు అందింది. మంచం మీద లేచి కూర్చుని "సిలబస్ తెండి, చదువుత" అన్నారని ఆమె చెల్లెలు చెప్పింది.

ఆ కబురు విలువ తెలియాలంటే పదిహేనేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అప్పుడు మేము హన్మకొండలో బీకాం ఆఖరి సంవత్సరంలో ఉన్నాం. విదేశీ వాణిజ్యం ఒకే ఒక్క పేపరు, అదీ ఇష్టమున్నవాళ్ళకే. దాన్ని చెప్పడానికే మేడంను తాత్కాలికంగా తీసుకున్నారు. దసరా దాకా చూస్తామని, పిల్లలకు ఆసక్తి లేకపోతే ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ ముందే అనేశారు. పేపరు పోతే ఆమె ఉద్యోగమూ పోతుంది. నర్సంపేటలో చర్చి బడికి తిరిగి వెళ్ళి చిన్నపిల్లలకు లెక్కలు చెప్పుకోవాలి. మొదటి రోజే ఈ సంగతి మాకు చెప్పేశారు.

"సముద్రం లేని ఊర్లె ఓడల చదువెందుకమ్మా?" అని ప్రిన్సిపాల్ మా ముందే అడిగారు.

"కాజీపేట ఉన్నది గద సార్. మన ఓడరేవు అదే."

మరుసటి వారం మమ్మల్ని కాజీపేట గూడ్స్ షెడ్డుకు తీసుకెళ్ళారు. బొంబాయి వెళ్ళే వ్యాగన్‌లోకి హమాలీలు జంపఖానాల కట్టలు ఎక్కిస్తున్నారు. "ఈ కట్ట జర్మనీల ఎవరింట్లనో పరుస్తరు. ఆడిదాక పోవాల్నంటె ఏమేం కావాల్నో, అదే మన సిలబస్" అన్నారు. ఆ స్టేషన్ నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. పట్టాలు ఎక్కడిదాకా పోతాయన్న ఆలోచన మాత్రం ఆ రోజే వచ్చింది.

ఏ వస్తువు చేతికొచ్చినా తిరగేసి చూడటం ఆమెకు అలవాటు. గొడుగు, పెన్ను, చాయ్ ఇచ్చిన సాసరు, ఏదైనా సరే ఎక్కడ తయారైందో చూడాల్సిందే. ఆఖరిసారి నేను వెళ్ళినప్పుడు నర్సు చేతిలోని థర్మామీటరు అడిగి తీసుకుని, "జపాన్‌దా?" అన్నారు. "నోట్లె పెట్టుకో అమ్మా ముందు" అంది నర్సు.

క్లాసులో బెంచీలు రెండు పక్కలకు జరిపించేవారు. ఒక పక్క వరంగల్, ఇంకో పక్క జర్మనీ ఓడరేవు హాంబర్గ్, నడుమ ఖాళీ సముద్రం. అటూ ఇటూ మాటలు లేవు. చీటీ మీద టెలిగ్రాం రాసి పంపాలి. మోసే పని నాది. మాటలు ఎక్కువైతే ఆమె పెన్నుతో కొట్టేసేవారు. "లేకున్నా నడిచే మాట తీసెయ్" అనేవారు. పత్రికకు రాసే నా వార్తలు ఇప్పటికీ అలాగే దిద్దుకుంటాను.

దసరా సెలవులకు ముందు ఒక రోజు వరంగల్ వైపు అమ్మేవాడు జంపఖానాల వ్యాపారి కొడుకు. హాంబర్గ్‌లో కొనేది పరకాల నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. ఆమె సరుకు కావాలంది. అతను వెంటనే ఓడ ఎక్కించేశాడు. తర్వాత డబ్బు పంపమని టెలిగ్రాం ఇచ్చాడు. జవాబు లేదు. ఇంకోటి ఇచ్చాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"మేడం, నా సరుకు పాయె! ఈమె జవాబిస్తలేదు!"

"నేనెందుకియ్యాలె? సరుకు నా ఇంట్లున్నది" అంది అమ్మాయి.

"బజార్ల గిట్ల చేస్తె మళ్ల మొఖం చూపిస్తవా?"

"నా మొఖం నువ్వెప్పుడు చూసినవ్? నేను హాంబర్గ్‌ల ఉన్న!"

క్లాసు లేచి బెంచీలు చరిచింది. మేడం అతన్ని అడిగారు: "ముందుగాల బ్యాంకు కాయిదం ఎందుకడగలే?"

"ఎట్లడుగుత మేడం? నమ్ముతలేనని గుస్స అయితరు. మా నాయిన ఎన్నడు అడగలే."

"మీ నాయిన మొఖం చూసి సరుకిస్తడు. తప్పు కాదు. సముద్రం అవుతల మొఖం కనబడది. ఆ మొఖం జాగల బ్యాంకు నిలబడుతది. లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటె గంతే."

పుస్తకంలో వారం రోజులుగా ఎక్కని పాఠం ఆ క్షణాన ఎక్కింది. అంతలో గుమ్మంలో ప్రిన్సిపాల్.

"ఏంది లొల్లి? కొట్లాటనా?"

"సార్, జంపఖానాలు పోయినయ్!" అన్నాడు వ్యాపారి కొడుకు.

"పోలీసులకు చెప్పిన్రా?"

నవ్వు ఆగలేదు. మేడం నవ్వలేదు. ఆమె ఉద్యోగం ఆ గుమ్మంలో నిలబడి ఉంది. కుర్చీ ఒకటి గది నడుమ వేసి, "సార్, మీరు బ్యాంకు. జర కూసోండి" అన్నారు.

ఆయన కూర్చున్నారు. రెండు నిమిషాల్లో పూర్తిగా బ్యాంకు అయిపోయారు. ఆయన అడిగిన హామీలు విని పరకాల అమ్మాయి, "సార్, గిన్ని అడిగితె జపాన్‌ల కొనుక్కుంట!" అంది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. వెళ్తూ ఆయన అడిగింది ఒకటే: "ఈ బేరం రేపు తెగుతదా?"

దసరా తర్వాత పేపరు ఉంది. మేడం కూడా. షరతు ఒక్కటే, తలుపులు మూసుకుని వ్యాపారం చేయాలి.

ఆ ఒక్క పేపరును పూర్తి డిగ్రీ చేయమని ఆమె ఏటా అడుగుతూ వచ్చారు. ఏటా కాదన్నారు. ఈ ఏడు అవునన్నారు.

గురువారం కాలేజీకి వెళ్ళాను. కొత్త కోర్సు దరఖాస్తుల దగ్గర వరుస వరండా దాటి ఎండలోకి వచ్చింది. ముందు నిలబడ్డ ఒక పత్తి రైతు తన కూతుర్ని అడుగుతున్నాడు:

"బిడ్డా, గిండ్ల ఓడ నడుపుడు నేర్పుతరా?"

"నడుపుడు కాదు బాపూ, నింపుడు."

మొదటి క్లాసు వచ్చే నెల మొదటి సోమవారం ఉదయం పది గంటలకు. గదికి వేసిన సున్నం ఇంకా ఆరలేదు. కిటికీలన్నీ తెరిచి పెట్టారు.