ఉస్తాద్ పేరు మీద పడ్డ నా కథ

మూర్తిగారికి ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నిన్న ఐదోది పట్టుకుని అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు వెళ్లాను. కవరుకు జిగురు రాస్తుంటే ఆ పులిసిన వాసనకు చెయ్యి ఆగిపోయింది. మా కుస్తీ పోస్టర్లకు కాచే మైదా జిగురు ఇలాగే వాసన వేసేది. దానితో పాటు దానయ్య ఉస్తాద్ గుర్తొచ్చారు.

నాంపల్లిలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని మూర్తిగారు ఆదివారాలు కుస్తీ ప్రదర్శనలు నడిపేవారు. ఎవరు గెలవాలో ముందే రాసుకుని ఆడే కుస్తీ అది. రాసేది నేను, రింగులో ఆడించేది ఉస్తాద్. మెదక్ మనిషి. పొద్దున చర్చికి వెళ్లిన తెల్లచొక్కాతోనే షెడ్డుకు వచ్చేవారు. నేను చేరిన మొదటి రోజు కలం కాగితం పక్కన పెట్టించి, పరుపు మీద పదిసార్లు వెల్లకిలా పడమన్నారు. ఎందుకని అడిగితే, "కిందపడ్డోని ఈపు నీకు తెల్వకపోతే ఏం రాస్తవ్, రైటర్ సాబ్?" అన్నారు. ఆ 'రైటర్ సాబ్'లోని వెటకారం నేను మరిచిపోలేదు. ఆయన నేర్పిందేమిటో మాత్రం ఆలస్యంగా తెలిసింది.

ఆట మొదలయ్యే ముందు ఆయన చవక టికెట్ల వరుస దగ్గర చాయ్ తాగుతూ నిలబడేవారు. జనం ఎవరి పేరు తలుచుకుంటున్నారో విని వచ్చి, నా కథలో రెండు మాటలు మార్చమనేవారు. మార్చినప్పుడల్లా షెడ్డు ఈలలతో దద్దరిల్లేది. పోస్టరు మీద మాత్రం 'కుస్తీల రూపకల్పన: దానయ్య ఉస్తాద్' అని ఉండేది. నా పేరు ఎక్కడా లేదు. మూడేళ్లు ప్రతి పోస్టరూ అతికించేలోపే చదివాను. ప్రతిసారీ లేదు.

ఆ కడుపుమంటతోనే ఆ కథ రాశాను. ఉస్తాద్ శిష్యుడు శ్రీను మా హీరో. ప్రతి కుస్తీకి ముందు రింగులోనే గురువు కాళ్లకు దండం పెట్టేవాడు. నా కథలో, దండానికని వంగి ఆ కాళ్లే లాగి ఆయన్ను పడేస్తాడు, రొమ్ము మీద కాలు పెడతాడు. విదేశీ కుస్తీలు టీవీలో చూసి, హీరో ఎదురు తిరిగితే జనం విరగబడతారని మూర్తిగారిని ఒప్పించాను.

ఉస్తాద్ కాగితం రెండుసార్లు చదివారు. "దెబ్బలు ఉత్తయని జనానికి ఎర్కనే. గా దండం ఒక్కటే నిజమని వస్తున్రు. దాన్ని గూడ ఉత్తది జేస్తే ఇగ ఏం జూడనీకి వస్తరు?"

కథ నాది కాబట్టే మీకు నచ్చలేదన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "పోస్టర్ల నీ పేరు లేదని నాకూ బాధనే. అడిగిన, మూర్తిసారు వినలే. సరే తీ, పడ్త," అన్నారు.

పడ్డారు. శ్రీను ఆయన రొమ్ము మీద కాలు ఆనీ ఆనకుండా పెట్టాడు. ఈల లేదు, తిట్టు లేదు. ముందు వరుసలో ఒకామె పిల్లవాడి చెప్పులు చేతిలో పట్టుకుని లేచి వెళ్లింది. ఆమె వెనక మిగతావాళ్లూ కదిలారు. మరుసటి ఆదివారం సగం కుర్చీలు ఖాళీ. ఆ పైవారం శ్రీను రానన్నాడు. రెండు నెలల్లో షెడ్డుకు తాళం పడింది.

ఆ రోజు జనం వెళ్లిపోయాక ఉస్తాద్ రింగు అంచున కూర్చుని, వీపు రుద్దుకుంటూ నన్ను అడిగారు: "మంచిగ పడ్డనా?" నేను తాళ్లు విప్పుతున్నట్టు నటించి అటు తిరిగాను. తర్వాత ఆయన్ను ఒక్కసారీ కలవలేదు. చనిపోయారని కూడా శ్రీను చెబితేనే తెలిసింది.

ఇప్పుడు మూర్తిగారు ఫోనులో వచ్చే ఒక ఇంటర్వ్యూలో, ముసలి ఉస్తాద్ పాత కథలే కంపెనీని ముంచాయని నవ్వుతూ చెప్పారు. అది చూసి మొదట నాకు కలిగింది కోపం కాదు, నా పేరు రాలేదన్న నిశ్చింత. ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది ఆ సిగ్గుతోనే. ఐదోదాని చివర ఇలా రాశాను:

మూర్తిగారూ, పోస్టరు మీద నా పేరు వేయలేదని మూడేళ్లు మీతో పోట్లాడాను. ఇప్పుడూ అడిగేది అదే. కంపెనీని ముంచింది ఎవరి కథో చెప్పేచోట ఆయన పేరు తీసి నా పేరు చెప్పండి. ఉస్తాద్ అడిగిన ఒక్క మాటకు జవాబివ్వకుండా అటు తిరిగినవాణ్ణి, ఆ పని ఎలాంటిదో నాకు తెలుసు. మీరు అటు తిరగకండి. జవాబివ్వండి.