పౌడరు చల్లిన నేల

చుక్క మద్యం కూడా అమ్మబోమని మాటిచ్చి, మూడేళ్లు కౌన్సిల్ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, ఇంగ్లండులోని మా బర్స్‌లెమ్ ఊరి హాల్లో తెల్లవార్లూ అమెరికా నల్లవారి సోల్ పాటలకు డాన్సు చేసే క్లబ్బుకు అనుమతి సాధించింది గ్లెనిస్. పాదం జారేలా చెక్కనేల మీద నలభై ఏళ్లకు పైగా పౌడరు చల్లిందీ, వెల్లకిలా వాలి అరచేతి ఊతతో లేచి లయ అందుకున్నదీ ఆమే. ఇప్పుడు మోకాలు మార్పించుకుని ఆసుపత్రిలో ఉంది. డాన్సు మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఓ ఉదయం నర్సు బ్రిజిట్ వచ్చేసరికి మంచం పక్కన నేల తెల్లబడింది. గ్లెనిస్ వాకర్ పట్టుకుని మెల్లగా పాదాన్ని పక్కకు జారుస్తోంది.

"ఏంటి గ్లెనిస్ గారూ ఇది? పడితే?"

"పడి లేవడమే కదమ్మాయ్ మా డాన్సు."

బ్రిజిట్ డాక్టరు గది వైపు ఒకసారి చూసి, మంచం చుట్టూ తెర లాగింది. గ్లెనిస్ నడుము పట్టుకుని అడిగింది.

"ఇంతకీ మళ్లీ ఎప్పుడు మీ క్లబ్బులో డాన్సు?"

"సెప్టెంబరు ఇరవై ఒకటి."