తేరని గెడ్డలో పీతలు

మొన్న తుఫాను తీరం దాటిన మర్నాడు, మా విశాఖ ఫ్లాటు కిందికి చేపల బుట్టతో వచ్చే ఆవిడ వట్టి చేతులతో వచ్చి, ముంపు నీళ్లలో పట్టిన పీతలూ చేపలూ తినొద్దని అందరి ఫోన్లకూ మెసేజీలు వచ్చాయట, ఈ వారం బేరాలు లేనట్టేనని విసుక్కుని వెళ్లిపోయింది. ఆవిడ బాధ ఆవిడది. నాకు మాత్రం మన్యపు కొండల్లో, ముంచింగిపుట్టులో మేమున్న రోజులూ, నాన్న మొండితనమూ గుర్తొచ్చాయి.

నాన్నది భీమిలి వైపు సముద్రపు ఒడ్డు ఊరు. బతుకుతెరువు కోసం కొండెక్కి కిరాణా కొట్టు పెట్టారే గాని, ఆయన ఆలోచనలన్నీ ఒడ్డు దగ్గరే ఉండేవి. ఆ ఏడాది తుఫాను కొండలనూ వదల్లేదు. ఘాట్ రోడ్డు మీద చెట్లూ బండలూ పడి బస్సులు ఆగిపోయాయి, కూరగాయలు లేవు, మందులు లేవు. కాన్పుకని పుట్టింటికి వచ్చిన అక్కకు ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. పీతల పులుసైతే నాలుగు ముద్దలు దిగుతాయేమోనని అక్క ఏ క్షణాన అందో గాని, నాన్న వెంటనే గంప పట్టుకుని ఊరి పక్క కొండ వాగుకు, మా గెడ్డకు బయల్దేరారు.

గంప నిండా తెచ్చారు. వెతకక్కర్లేకుండా గట్టు మీదే కూర్చున్నాయనీ, పట్టుకుంటే గిల్లనైనా లేదనీ ఒకటే మురిసిపోయారు. నేను అత్తా అని పిలిచే పక్కింటి కొండజాతి ఇల్లాలు గంపలోకి తొంగి చూసి, "గెడ్డ నీరు ఇంకా ఎర్రగుంది బావూ, తేరనీ," అంది. పైనుంచి చచ్చిన గొడ్లూ, చేలల్లో కొట్టిన పురుగుమందూ కొట్టుకొస్తాయని, వరద నీరు తేరేదాకా వాళ్లు గెడ్డలో ఏదీ పట్టేవారు కాదు. నాన్న నవ్వేశారు. ఆయన ఊళ్లో తుఫాను తర్వాత ఒడ్డుకొచ్చిన పీత అంటే అదృష్టం. ఆ లెక్కే ఇక్కడా వేశారు.

అమ్మ పులుసైతే కాచింది గాని, అక్కకు వడ్డించడానికి చెయ్యి రాలేదు. అక్క వాసనకే ఆశగా లేచి కూర్చుంది. నాన్నకు చిర్రెత్తుకొచ్చి కంచం తన ముందుకు లాక్కుని, "ముందు నాను తింటాను. సాయంత్రం దాకా నాకేటీ అవకపోతే గుంటకి పెట్టు," అన్నారు. ఆయన ఊరి మాటలో గుంటంటే ఆడపిల్ల; అక్కనెప్పుడూ అలాగే అనేవారు.

ఆ మధ్యాహ్నం మేమెవరం పని చేసుకోలేదు. నాన్న కొట్టులో కూర్చుని సరుకు సర్దుతున్నట్టు నటిస్తుంటే, అమ్మా నేనూ ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాం. పులుసు పెట్టలేదని మొదట అలిగిన అక్క కూడా చూడసాగింది. పశువులు ఇళ్లకు చేరకముందే నాన్న కడుపు పట్టుకుని వంగిపోయారు. వాంతులూ విరేచనాలతో కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. ఆసుపత్రికి పోదామంటే దారి లేదు. నాకు అంత భయం మళ్లీ ఎప్పుడూ వేయలేదు. అమ్మ పులుసును కుక్కలైనా ముట్టకుండా గొయ్యి తీసి పూడ్చింది. అత్త ఉప్పు గంజి కాచి తెస్తే, నిండు కడుపుతో ఉన్న అక్క నాన్న తల ఒళ్లో పెట్టుకుని, మమ్మల్నెవర్నీ రానీయకుండా చెంచాతో పట్టింది.

మర్నాడు కళ్లు తెరవగానే నాన్న అడిగిన మొదటి మాట, "గుంట తిన్లేదు కదా?"

ఇప్పుడు ఏది తినాలో ఏది తినకూడదో ఫోనే చెబుతోంది, ఎవరూ తమ కడుపు మీద పరీక్ష పెట్టుకోనక్కర్లేదు. మంచిదే, కాదనను. అయినా ముందు నేను తింటానని కంచం లాక్కునే మనిషి లేని ఇల్లు నాకెందుకో వెలితిగా ఉంటుంది. అక్క ఆ తర్వాత పీత ముట్టలేదు. మనవలు అడిగితే ఎలర్జీ అని చెబుతుంది, వాళ్లు నమ్ముతారు.