ఇంజిను కాపురమున్న గది

మా బేస్‌మెంట్ గదిలో ఒక మోటారుసైకిల్ ఇంజిను కాపురముండేది. నిండు ఇంజిను కాదు, ముక్కలు. లాక్‌డౌన్ రోజుల్లో మావారు కొన్న పాత బండి అది. ఆయన పుట్టకముందే రోడ్డెక్కిన బండి. లోకమంతా ఇళ్ళల్లో కూర్చుని రొట్టెలు కాల్చుకుంటుంటే ఈయన దాని ఇంజిను విప్పి దుప్పటి మీద వరసగా పేర్చారు. విప్పడం దైవకృపవల్ల చక్కగా సాగింది. తర్వాత ఆఫీసు తెరిచారు, బిగించడం ‘వచ్చే వారం’లో పడింది. ముక్క కదిపితే వరస చెడుతుందని నా చీపురు కూడా దుప్పటి అంచు దాకానే వెళ్ళేది.

మేముండే ఈ పరదేశపు కాలేజీలకు మన పిల్లలు తండోపతండాలుగా వచ్చిన రోజులవి. స్కార్‌బరోలో ఏ బస్సెక్కినా తెలుగు వినపడేది. ఒకనాడు గుడిలో పులిహోర వడ్డిస్తుంటే ఒకమ్మాయి ఖాళీ డబ్బా చాపింది.

“ఆంటీ, కొంచెం ఇందులో కూడా వెయ్యరా? మా రూమ్మేట్‌కి.”

“తనూ రావచ్చుగా అమ్మా?”

“ఇప్పుడు పడుకునే వంతు దానిది ఆంటీ. మంచం ఒక్కటే. అది లేస్తేనే నేను పడుకోవాలె.”

నవ్వుతూనే చెప్పింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. “మా ఇంట్లో గది ఉంది, నెల మొదట్లో వచ్చెయ్” అనేశాను. ఆ గదిలో ఎవరున్నారో ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

“బిగిస్తేనే గది ఖాళీ,” అన్నారు మావారు. “ఇంజిను పలికితేనే బిగించినట్టు. పలక్కపోతే మళ్ళీ విప్పడానికి ఆ గదే కావాలి. గరాజ్‌లో ఈ చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి.”

“అయితే నేనే బిగిస్తాను.”

“నువ్వా? నిన్న కుక్కర్ మూత పెట్టడానికి నన్ను పిలిచావు.”

అది నిజమే. కానీ మాటిచ్చాను కదా.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. ఇంట్లో నాన్నగారే చదువు చెప్పారు. పైకి చదువు, అర్థం చెప్పు, చేసి చూపించు, అప్పుడే పేజీ తిప్పు: అదే ఆయన పద్ధతి. ఇప్పటికీ ఆ పద్ధతికి దణ్ణం పెట్టుకుంటాను. అందుకని రోజూ స్నానం చేసి, దీపం పెట్టి, బండి మాన్యువల్ పారాయణకు కూర్చునేదాన్ని. పిస్టన్ రింగుల అధ్యాయాన్ని రాగయుక్తంగా చదువుతుంటే మెట్ల మీంచి మావారు అడిగారు, “ఫలశ్రుతి ఎప్పుడు?” పిస్టన్‌కు పెట్టాల్సిన తీగచుట్ట ఒకటి ఎగిరిపోతే నేలంతా పాకి, మంచి మనసుతో ప్రార్థించాక, అది నా స్వెట్టర్ చేతిలోనే దొరికింది. దేవుడికి నామీద దయ ఉంది కానీ, నవ్వూ ఉంది.

పళ్ళచక్రాల దగ్గరికొచ్చాను. రెండు చక్రాల మీదా ఒక్కో చుక్క ఉంటుందనీ, రెండు చుక్కలూ ఎదురెదురుగా వచ్చేలా కూర్చాలనీ, లేకపోతే వాల్వులు అదను తప్పి తెరుచుకుంటాయనీ రాసుంది. చూశాను. కళ్ళజోడు లేకుండానే కనబడేంత గుండ్రంగా, ఎర్రగా రెండు చుక్కలు. ఇన్నేళ్ళయినా చెరగని రంగుతో నాలాంటిదానికి దారి చూపిన ఆ తెలియని పనివాడికి నమస్కరించి, చుక్కకు చుక్క కలిపి, కవరు మూసేశాను.

నెల మొదట్లో ఆ అమ్మాయి పెట్టెలతో దిగింది. అక్కడి మంచంలో ఆమె వంతు అప్పటికే ఇంకో పిల్ల తీసేసుకుందట. ముందురోజే నేనూ మావారూ ఇంజినును గరాజ్‌కు మోసి బండి చట్రంలో కూర్చోబెట్టాం. పెట్రోలు పోసి, వైర్లు కలిపి ఆయన పక్కకు జరిగారు.

“కిక్కు కొట్టే గౌరవం నీదే.”

ఇష్టదైవాన్ని తలుచుకుని కొట్టాను. బండి ఒక్కసారి దగ్గింది. కిక్ రాడ్ ఎంత వేగంగా కిందికి వెళ్ళిందో అంతకు రెట్టింపు వేగంతో వెనక్కొచ్చి నా పిక్క మీద కొట్టింది.

“అయ్యో, తన్నింది ఆంటీ!”

“తన్నదా మరి? కడుపులో ఏదో తేడాగా ఉంది దానికి,” అన్నారు మావారు. తర్వాత మెల్లగా, “మళ్ళీ కిందికి మొయ్యాల్సిందే.”

ఆ పిల్ల వెళ్ళిపోవడానికి పెట్టె పిడి పైకి లాగింది.

“ఆగమ్మా,” అన్నాను. కోటు వేసుకునే, కుంటుకుంటూ పానా అందుకుని, పళ్ళచక్రాల కవరు అక్కడే గరాజ్‌లో విప్పాను. వేళ్ళు నిజంగానే కొంకర్లు పోయాయి. ఎర్రచుక్కలు రెండూ ఒకదానికొకటి ఎదురుగా చక్కగా ఉన్నాయి. ఎందుకో గోటితో గీరాను. చుక్క ఊడొచ్చింది. వాసన చూశాను. పసుపు!

దసరాకి ఆయుధపూజ చేస్తూ, దుప్పటి మీదున్న ముక్కముక్కకీ పసుపు మీద కుంకుమ బొట్టు పెట్టింది నేనే. మిగతా ముక్కల మీదవి నూనెగుడ్డకు చెరిగిపోయాయి, ఇవే మిగిలాయి. ఆ తెలియని పనివాడికి పెట్టిన నమస్కారాలన్నీ నాకే చెందాయన్నమాట.

“ఇంజిన్లో పసుపేశావా!” మావారు తల పట్టుకున్నారు.

“యాంటీసెప్టిక్ అంకుల్,” అంది ఆ అమ్మాయి.

బొట్లు తుడిచి వెతికితే అసలు చుక్కలు వేరే పళ్ళ మీద ఉన్నాయి. సూదిమొన గుచ్చినంత, రంగూ రూపూ లేని గుంటలు. చక్రం బయటికి తీసి, వాటిని కలిపి బిగించాం. పసుపు కలిసిన నూనె వంచేసి కొత్తది పోశాం. నా పిక్క మీద జాలితో ఈసారి ఆయనే కిక్కు కొట్టారు.

పలికింది. గరాజ్ రేకులన్నీ కలిసి పలికాయి. నేను కుంకుమభరిణె కోసం పరిగెత్తబోతే ఆయన అరిచారు, “హెడ్‌లైట్‌కి పెట్టుకో! లోపల వద్దు!”

భోజనానికి పిలుద్దామని కిందికి వెళ్ళాను. ఆ పిల్ల జాకెట్ కూడా విప్పకుండా, మంచానికి అడ్డంగా, చేతులు రెండూ చాపుకుని నిద్రపోతోంది. వంతు కోసం లేపడానికి ఇక ఎవరూ రారు. పైన ఇంజిను మోత గోడల్లోంచి దిగుతోంది. దాని చేత పలికించమని ఎన్ని మొక్కులు మొక్కానో లెక్కలేదు.

పిక్క పట్టుకుని మెట్లెక్కి వెళ్ళి చెప్పాను.

“ఏవండీ, ఇక ఆపండి దాన్ని. పిల్ల పడుకుంది.”