ఫ్యూజుకు పెట్టిన గంధం

మొన్న చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పెళ్ళికి పోతుంటే మనవరాలి కారులో రేడియో ఉన్నట్టుండి మూగబోయింది. ఆ పిల్ల రెండుసార్లు మీట నొక్కి చూసి, ఫోనులో పాటలు పెడతాలే అవ్వా అని ఊరుకుంది. ఫ్యూజు చూసినావా అని నేనడిగేసరికి, వత్తులు చేసుకునే ముసలిదానికి ఫ్యూజు గొడవ ఎట్లా తెలిసిందా అని కాబోలు, అద్దంలోంచి నన్ను వింతగా చూసింది. నా ఈడు వాళ్ళెవరైనా పక్కనుంటే ఆ సంగతి వాళ్ళకు చెప్పుకునేదాన్ని. లేరు గనుక మీకు చెబుతున్నాను.

మా నాయన చిత్తూరులో ఒక మామిడితోటల ఆసామి దగ్గర కారు డ్రైవరు. యుద్ధం ముగిసిన కొత్తల్లో, సీమకు తిరిగిపోతున్న తెల్లదొర ఎవరో అమ్మితే ఆసామి ఆ కారు కొన్నాడు. అందులో రేడియో ఉండేది. ఇంట్లో రేడియో ఉండటమే గొప్పయిన రోజుల్లో కారులో రేడియో అంటే చూడవచ్చే జనానికి కొదవేముంది! నాయన ఆ కారును తుడిచినంత ప్రేమగా ఏనాడూ పిల్లల తల నిమరలేదని అమ్మ దెప్పేది గాని, తొమ్మిదేళ్ళ నాకు మాత్రం ఒక గౌరవం దక్కింది. రేడియో కింద వేలాడే తీగ మధ్యన చిన్న గొట్టం ఉండేది. నాయన ఒకరోజు దాన్ని విప్పి, లోపలి గాజు ఫ్యూజు చూపించి, "ఇదే దీని పానం పాపా" అన్నాడు.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. మద్రాసులో గుమాస్తాగా ఉన్న మేనమామ ఎవరెవరినో పట్టుకుని, అక్క అక్కడి రేడియోలో పావుగంట పాడేటట్టు ఏర్పాటు చేశాడు. నాయనకు ఒళ్ళు మండిపోయింది. "ఆడబిడ్డ గొంతు ఊరూరా వినబడాల్నా?" అని ఒక్కమాట అని, ఆనాటి నుంచి అక్కతో మాటలు మానేశాడు. ఆయన భయానికి అక్క ఆ పాటను పెదవుల మీదనే సాధన చేసేది. గొంతెత్తి పాడగా నేను ఒక్కసారీ వినలేదు. మామ వెంట బస్సుకు బయలుదేరుతూ అక్క కాళ్ళకు మొక్కితే నాయన తలెత్తలేదు. వాకిలి దాటుతూ అది నా చెవిలో, "నాయన వింటాడో లేదో చూసి చెప్పు పాపా" అంది. అట్లాంటి నాయన, పాటకు ముందురోజు ఎవరూ అడక్కుండానే రేడియోకు కొత్త ఫ్యూజు వేశాడు. అది చూసింది నేనొక్కదాన్నే.

పాట రోజు ఆయుధపూజ. కారుకు బంతిపూల మాల, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు చాప మీద స్పానర్లూ స్క్రూడ్రైవర్లూ వరుసగా పేర్చి పూజ చేశారు. అన్నింటికీ గంధం, కుంకుమ పెట్టే పని నాది. పైకి కనబడేవాటికే పెట్టి ఊరుకుంటే నేనెట్లా అవుతాను! అక్క పాట చక్కగా రావాలని మొక్కుకుంటూ, ఎవరూ చూడకుండా ఆ గొట్టం విప్పి, ఫ్యూజు రెండు కొసలకూ దట్టంగా గంధం పట్టించి మళ్ళీ బిగించాను. రేడియో పానానికి పూజ చేసిన ఘనత నాదేనని సాయంత్రం దాకా లోలోపల మురిసిపోయాను.

పాట ఆరున్నరకు. ఆసామి వినడానికి ఒప్పుకోవడమే కాక, తన వాకిట్లోనే మాకోసం చాపలు పరిపించాడు. వీధి వీధంతా కారు చుట్టూ చేరింది. నాయన ఏమీ పట్టనట్టు వచ్చి మీట తిప్పాడు. చప్పుడు లేదు, రేడియో ముఖం మీది దీపమూ వెలగలేదు. కారు దీపాలు వేసి చూశాడు, వెలిగాయి. హారను కొట్టాడు, మోగింది. బ్యాటరీ బాగానే ఉందన్నమాట. ఇక పూజలో పెట్టిన స్క్రూడ్రైవరు మీద చెయ్యి వేశాడు. "రేపటిదాకా ముట్టకూడదు, పూజలో ఉండాది" అని అమ్మ గోల పెట్టింది. "బిడ్డ పాడతా ఉండాది ఆడ" అన్నాడు నాయన. నెల రోజుల తర్వాత ఆయన నోట అక్క మాట రావడం అదే మొదలు. పెట్టె విప్పి లోపలి గాజు వాల్వులు ఒక్కొక్కటీ కదిపి చూశాడు, వెనకాల తీగలు లాగి చూశాడు. నిన్న తానే వేసిన కొత్త ఫ్యూజు మీదికి మాత్రం ఆయన అనుమానం పోలేదు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. నేనేమో పక్కనే నిలబడి, బొట్టు పెట్టాను కదా, వస్తుందిలే అనుకుంటున్నాను.

చివరికి గొట్టం విప్పాడు. ఎండిన గంధం పెచ్చు అరచేతిలో రాలింది. ఫ్యూజు చూశాడు, నన్ను చూశాడు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. పండగపూట బొట్టు తుడవద్దని అమ్మ అంటున్నా వినక, పంచె కొంగుతో ఆ రెండు కొసలూ తళతళలాడేదాకా తుడిచి పెట్టాడు. దీపం వెలిగింది. కానీ ఆ కాలపు రేడియో వేడెక్కితే గాని పలకదు. ఇంకో అర నిమిషానికి గరగరల మధ్య నుంచి అక్క గొంతు వచ్చింది, రెండే రెండు పంక్తులు. పాట ముగిసిందని రేడియోలో ఎవరో ఆయన చెప్పాడు. నాయన స్టీరింగు చక్రం మీద తల ఆనించాడు.

మూడోరోజు అక్క వచ్చి గడప దగ్గరే నిలబడింది. విన్నాడా అన్నట్టు నా వైపు చూసింది. నాయనే, "మొదట్నించీ విన్న్యానమ్మా. బాగా పాడినావు" అన్నాడు. అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. అమ్మా నేనూ ముఖాలు చూసుకుని ఊరుకున్నాం. అక్క ముసలిదై, మనవళ్ళను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కూడా, మా నాయన పాటంతా విన్నాడని చెప్పుకుని పొంగిపోయేది.

ఏ పాటనైనా ఇప్పుడు మొదటి నుంచి ఎన్నిసార్లయినా పెట్టుకోవచ్చు. పెళ్ళి నుంచి తిరిగొస్తూ మనవరాలు ఫోను నా చేతికిచ్చి ఏ పాట కావాలో చెప్పమంది. నాకు కావలసింది దాంట్లో లేదు. అక్క అరవై ఏళ్ళు నా పక్కనే ఉంది. వంటింట్లో కూర్చుని ఆ పాట పాడమంటే కాదనేదా? కానీ పాడమంటే ఆ రోజు పాటంతా వినలేదని తెలిసిపోతుంది, నాయన మాట తప్పయిపోతుంది. అందుకే అది పోయేదాకా ఒక్కసారీ అడగలేదు.